తండ్రి లేని మొదటి క్రిస్మస్: ఇంటి మీద నక్షత్రం కట్టాలా, వద్దా?

పాతగుంటూరు ఆడపడుచు
2024 డిసెంబరు 3

సభ్యులందరికీ వందనాలు. మా నాన్నగారు ఈ సెప్టెంబరులో ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన, ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక అన్నీ సంఘం చేతుల మీదుగా సక్రమంగా జరిగాయి. నవంబరు 2న సమాధుల పండుగకు అమ్మ, నేను, పిల్లలు వెళ్లి సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. అంతవరకు ఇంట్లో ఎవరికీ భేదాభిప్రాయం రాలేదు. మొన్న ఆదివారం, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం ప్రారంభమై మందిరంలో మొదటి కొవ్వొత్తి వెలిగిన తర్వాతే, ఈ ఏడాది క్రిస్మస్ ఎలా జరుపుకోవాలన్న మాట మా ఇంట్లో పుట్టింది.

ఏడాది తిరిగేవరకు ఇంటి మీద నక్షత్రం కట్టకూడదని, మూకుడు పెట్టకూడదని, అమ్మ కొత్త చీర కట్టకూడదని మా మేనత్తగారు అంటున్నారు. ఆవిడ అన్నను పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఆ మాట కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. మా సంఘపెద్ద ఒకరు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, ప్రభువు దగ్గరకు వెళ్లినవారిని తలచుకుని పండుగ మానుకోవడం విశ్వాసుల పద్ధతి కాదని, ఎప్పటికంటె ఘనంగా చేయాలని చెప్పి వెళ్లారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు సెప్టెంబరులో సెలవంతా వాడుకున్నందువల్ల ఇప్పుడు రాలేనని, మీ ఇష్టమని అంటున్నాడు. యువజన సంఘం పిల్లలు మాత్రం చాలా మర్యాదగా, క్యారల్స్ బృందం మా ఇంటి ముందు ఎప్పటిలాగే పాడాలా, ప్రార్థన చేసి కదలాలా, లేక తలుపు తట్టకుండా వెళ్లిపోవాలా అని కబురు పంపారు. వాళ్లకు నేను త్వరలో జవాబు చెప్పాలి.

వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి నక్షత్రం చేసే పని మా ఇంట్లో నాన్నగారిది. బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి చేసేవారు లేరన్నది మా ఇబ్బంది కాదు. వాక్యం ఏమంటుందో చెప్పేవారు కూడా మా చుట్టూ చాలామందే ఉన్నారు. మీ ఇళ్లలో ఇలాంటి సంవత్సరం వచ్చినప్పుడు మీరు ఏమి చేశారో, ఆ తర్వాత మీకు ఏమనిపించిందో చెప్పగలరన్న ఆశతో ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

గుండ్లకమ్మ
2024 డిసెంబరు 4

సహోదరీ, మీ కుటుంబానికి ప్రభువు ఆదరణ కలుగు గాక. అయితే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మీ మేనత్తగారు చెబుతున్న ఏటిసూతకం, అంటే చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పండుగ మానుకోవడం, మన సంఘాలు నేర్పిన సంగతి కాదు. మన తాతలు పాత ఊరి నుంచి మూటతోపాటు తెచ్చుకున్నది, ఎవరూ విప్పి చూడకుండా అలాగే మిగిలిపోయింది.

మా ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఒకసారి తలచుకోండి. 1876-78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించారు. కూలి కోసమే మతంలో చేరారన్న మాట పడకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతటి కరువు దాటి వచ్చిన ఆ జనంలో ఇంట్లో చావు చూడనివారు ఎంతమంది ఉండి ఉంటారు? ఆ డిసెంబరులో వాళ్లందరూ ఏడాది తిరగలేదని తలుపులు వేసుకుని ఉంటే, మా పల్లెల్లో క్రిస్మస్ అనేదే మొదలయ్యేది కాదు. నక్షత్రం కట్టండి, పాటల బృందాన్ని పిలవండి.

బ్రాడీపేట నాలుగో లైను
2024 డిసెంబరు 4

నేను క్రైస్తవుణ్ని కాను. మా వీధిలో లూథరన్ కుటుంబాలు చాలా ఉండటం వల్ల చిన్నప్పటినుంచి సంక్రాంతి అరిసెల కంటె ముందు క్రిస్మస్ అరిసెలు తిని పెరిగినవాణ్ని. గుండ్లకమ్మ గారు ఏటిసూతకాన్ని ఒక్క మాటలో తీసిపారేశారు కాబట్టి, దాన్ని పాటించే ఇంట్లో పుట్టినవాడిగా కొంత వివరించాలనిపించింది.

మా ఇళ్లలో తండ్రి పోతే సంవత్సరీకం జరిగేవరకు పండుగ ఉండదు. సంక్రాంతికి వాకిట్లో రంగవల్లులు తీర్చరు, గొబ్బెమ్మలు పెట్టరు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. అయినా ఆ ఇంటి పిల్లలు ఆ ఏడాది పిండివంటలు తినకుండా ఉండరు. ఇరుగుపొరుగువారు, దగ్గరి బంధువులు డబ్బాలు నింపి తెచ్చి ఇస్తారు. నిషేధాల గురించి అందరూ చెబుతారు గాని, ఈ రెండో సగం గురించి చెప్పేవారు తక్కువ. పాకం పట్టి, పొయ్యి ముందు కూర్చుని రోజంతా అరిసెలు వత్తవలసిన పని దుఃఖంలో ఉన్న ఇల్లాలికి ఈ ఒక్క ఏడాది లేదని, వచ్చిన ప్రతివారికీ నవ్వు ముఖం చూపించవలసిన అవసరం లేదని, ఊరంతా కలిసి ఒప్పుకోవడమే ఆ ఆచారంలో ఉన్న దయ అని నేను అర్థం చేసుకున్నాను. భర్త పోయిన స్త్రీ విషయంలో అదే ఆచారం ఏడాదితో ఆగదని, ఆమెను జీవితాంతం శుభకార్యాలకు దూరంగా కూర్చోబెడుతుందని కూడా నాకు తెలుసు; ఆ భాగాన్ని నేను సమర్థించడం లేదు.

ప్రసంగవశాత్తు మరొక మాట. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టిన తర్వాత, మా వీధిలో రాత్రంతా పాడి తిరిగి వస్తున్న క్యారల్స్ బృందమూ, అప్పుడే బయలుదేరిన హరిదాసూ ఎదురుపడుతూ ఉంటారు. ఒక తెల్లవారుజామున ఇద్దరి తంబుర, డోలకు పక్కపక్కన పెట్టుకుని ఒకే కొట్టు ముందు టీ తాగడం చూశాను. కాబట్టి అమ్మా, మూకుడు సంగతి మీ పొరుగువారికి వదిలిపెట్టండి. వారికి ఒక్క మాట తెలిస్తే చాలు, మీ ఇంటికి డబ్బాలు వస్తాయి.

మంజీర
2024 డిసెంబరు 5

మాది మెదక్ దగ్గర పల్లె. ఈ 25వ తేదీకి మా చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి ఇక్కడ అందరి నోటా అదే ముచ్చట. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చి, 175 అడుగుల గోపురంతో సహా, కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు ప్రజలకు పని, తిండి చూపించడానికి తలపెట్టిన కట్టడం. మా తాతల తరం వాళ్లు అక్కడ రాళ్లు మోసినవాళ్లే.

మా నాయన పోయిన ఏడాది ఇంట్లో ఏమీ వద్దని అవ్వ అంది. మేమూ ఎదురు చెప్పలేదు. నక్షత్రం కట్టలేదు, వంటలు చేయలేదు, పండుగనాడు తెల్లవారుజామున చర్చికి మాత్రం పోయాం. క్రిస్మస్‌కు అక్కడ అన్ని మతాల వాళ్లూ వేలల్లో వస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఆ రద్దీలో మాకు ఎక్కడో పక్కకు చోటు దొరికింది. చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఒకదానిలో యేసు జననం, ఒకదానిలో సిలువ మరణం, ఒకదానిలో ఆరోహణం. అవ్వ ఆరాధన అయ్యేదాకా సిలువ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పండుగ రోజు కదా అని ఆ కిటికీకి ఎవరూ తెర కట్టరు గదా అని నాకు అప్పుడు తోచింది. అందరూ తొట్టిలోని బిడ్డను చూస్తున్న రోజున ఆమె సిలువను చూసినా ఆమె చర్చి బయట ఏమీ లేదు.

పెద్దవాళ్ల వరకు ఆ ఏడాది అలా గడిచిపోయింది. పిల్లల దగ్గరే లెక్క తప్పింది. ఇంటికి వచ్చిన తర్వాత మా అన్న కొడుకు, తాత లేకపోతే ఇక మన ఇంటికి క్రిస్మస్ రాదా అని అడిగాడు. వాడి వయసువాళ్లకు ఏడాది అంటే చాలా పెద్ద కాలం. మీ ఇంట్లో పిల్లలు ఉన్నారని రాశారు కాబట్టి, ఏ నిర్ణయం తీసుకున్నా ఎందుకు తీసుకున్నారో వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి.

గుండ్లకమ్మ
2024 డిసెంబరు 5

బ్రాడీపేట వారు చెప్పిన రెండో సగం నాకు తెలియనిది కాదు గాని, దాన్ని అలా చూడలేదు. మా పల్లెల్లో చావు జరిగిన ఇంటికి అన్నం పంపడం ఇప్పటికీ ఉంది. అయినా ఒక సందేహం. పొరుగువారు తెచ్చి ఇస్తారన్న భరోసా ఒకే వీధిలో ఒకరినొకరు ఎరిగినవారు ఉన్నప్పటి మాట. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో డబ్బా తెచ్చేవారు లేక, నిషేధం ఒక్కటే మిగిలితే ఆ ఇల్లాలికి దక్కేది ఏమిటి?

కువైట్ డ్యూటీ
2024 డిసెంబరు 6

ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కాబట్టి మా తెలుగు ఆరాధన శుక్రవారం జరుగుతుంది. అక్కడి నుంచి వచ్చి ఈ చర్చ అంతా చదివాను. నేను ఆసుపత్రిలో నర్సును.

2020లో మా నాన్న కరోనాతో పోయినప్పుడు నేను వెళ్లడానికి విమానాలు లేవు. భూస్థాపన ఫోనులో చూశాను. మట్టి వేసే సమయానికి సిగ్నల్ పోయింది. ఆ డిసెంబరు 25న నాకు డ్యూటీ. నక్షత్రం కట్టమనేవారు లేరు, వద్దనేవారు లేరు. మా వార్డులో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి కేకు ముక్క తెచ్చి పెడితే తిని, మందులు ఇచ్చే వేళ అయిందని లేచాను. మా ఇంట్లో ఎవరో చనిపోయారని ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే ఆ కేకు ఇచ్చేదో లేదో నాకు తెలియదు.

ఇక్కడ ఇళ్లలో పనిచేసే కోనసీమ, కడప ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి క్రిస్మస్‌నాడు సెలవు కూడా ఉండదు. రాత్రి పని ముగిసిన తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊళ్లోని ఆరాధన వింటారు. మీ మేనత్తగారి మాటలకు మీకు విసుగు కలిగి ఉండవచ్చు. నాకు ఆ ఏడాది వాదన పెట్టుకోవడానికి కూడా దగ్గరలో ఒక మేనత్త లేదు. ఆవిడ చెప్పినట్లు చేయమని నేను అనడం లేదు. ఆవిడను పండుగకు మీ ఇంటికి పిలవండి అంటున్నాను.

పల్లె పాస్టరు
2024 డిసెంబరు 7

ఈ చర్చలో సంఘపెద్ద గారి మాట ప్రస్తావనకు వచ్చింది కాబట్టి, అదే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసినది రాస్తాను.

ముందుగా ఆగమన కాలం గురించి. మన లూథరన్, సీఎస్‌ఐ సంఘాల క్రమంలో ఇది సంబరాల కాలం కాదు, ఎదురుచూపుల కాలం. అందుకే బలిపీఠం మీద ఊదా రంగు వస్త్రం వేస్తాం, అదే రంగును ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలోనూ వేస్తాం. కాని ఇప్పుడు డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ సభలు మొదలవుతున్నాయి. వేదిక, లైట్లు, ముఖ్య అతిథి, శాలువా, కేకు, మళ్లీ మరుసటి సాయంత్రం వేరొక చోట ఇదే వరస. ఈ నెలలో దుఃఖపడేవారికి ఉన్న చోటును తీసివేసింది మేనత్తలు కాదనీ, మేమేననీ నేను మా తోటి పాస్టర్లతో అంటూ ఉంటాను. వారికి ఆ మాట నచ్చదు.

క్రిస్మస్ తర్వాతి రోజులను చూడండి. సంఘ క్యాలెండరులో డిసెంబరు 26 రాళ్లతో కొట్టి చంపబడిన స్తెఫను దినం, 28 హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లల దినం. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానులు కానుకలు ఇచ్చి వెళ్లిన కొద్ది వచనాలకే రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తుంది. ఓదార్పు పొందడానికి ఆమె ఒప్పుకోలేదని సువార్తికుడు రాశాడు. పిల్లల నాటకాల్లో మనం జ్ఞానుల దగ్గరే తెర దించేస్తాం.

సంఘపెద్ద గారు బహుశా 1 థెస్సలొనీక 4:13 మనసులో పెట్టుకుని మాట్లాడి ఉంటారు. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని పౌలు అక్కడ చెప్పాడు. అసలు దుఃఖపడవద్దని ఆయన ఎక్కడా అనలేదు. మార్టిన్ లూథర్ గారి కుమార్తె మగ్దలేనా పదమూడేళ్ల వయసులో 1542 సెప్టెంబరు 20న ఆయన చేతుల్లోనే కన్నుమూసింది. ఆత్మలో సంతోషిస్తున్నాను గాని శరీరరీత్యా చాలా దుఃఖంగా ఉన్నానని ఆయన అన్నట్లు దగ్గరివారు రాసిపెట్టారు. పునరుత్థానాన్ని గురించి ఆయనకు బోధించవలసినవారు ఎవరూ లేరు గదా. ఆ తర్వాత మూడు నెలలకు ఆ ఇంట్లోనూ క్రిస్మస్ వచ్చింది.

తెల్లచీర
2024 డిసెంబరు 8

ఇంతమంది ఇంత వివరంగా రాశారు. అమ్మగారు ఏమన్నారని ఒక్కరూ అడగలేదు. మేనత్తగారు, సంఘపెద్దగారు, తమ్ముడు, యువజన సంఘం అందరి అభిప్రాయాలూ మొదటి పోస్టులో ఉన్నాయి గాని, ఆవిడది లేదు.

నేను వితంతువును. మన సంఘాల్లో పెళ్లికూతురూ తెల్లచీర కట్టుకుంటుంది, బాప్తిస్మానికీ తెల్లచీర, ప్రభురాత్రి భోజనపు బల్లకు వెళ్లేటప్పుడూ చాలామందికి తెల్లచీరే. తెలుపు మనకు పండుగ రంగు. అయినా భర్త పోయిన తర్వాత అదే చీర కట్టుకుని మందిరానికి వెళితే, చూసేవారి చూపులో ఆ తెలుపు వేరే అయిపోతుంది. నా మొదటి క్రిస్మస్‌కు మా ఆడపడుచు ఆకుపచ్చ చీర తెచ్చి ఇచ్చింది. కట్టుకున్నందుకు కొందరు, కట్టుకోకపోతే బాగుండేదని చెప్పడానికే వచ్చినట్లు వచ్చి పలకరించారు.

లూకా సువార్త రెండో అధ్యాయం చివరికి వెళ్లండి. పెళ్లయిన తర్వాత భర్తతో ఏడేళ్లే కాపురం చేసి, ఎనభై నాలుగేళ్ల వితంతువైన అన్న అనే ప్రవక్త్రి దేవాలయంలో ఉంది. బిడ్డను తెచ్చిన రోజున విమోచన కోసం కనిపెట్టుకుని ఉన్న అందరితోనూ ఆయనను గురించి మాట్లాడినది ఆవిడే. శుభవార్త చెప్పడానికి ఎదురు రాకూడని మనిషి అంటూ ఎవరూ ఆవిడను పక్కకు తప్పించలేదు. మన జిల్లాల్లో కూడా ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలలో చాలామంది భర్త పోయినవారే. వాళ్లు ఏడాదిపాటు గడప దాటకుండా ఉండి ఉంటే, గుంటూరులో మిషనరీ డాక్టరు కుగ్లర్ అమ్మగారి ఆసుపత్రి వరండాల్లో రోగుల పక్కన కూర్చుని చదివేవారు ఎవరుండేవారు?

దయచేసి ఆవిడను అడగండి. అడిగేటప్పుడు, నక్షత్రం కట్టాలా వద్దా అని మాత్రం అడగవద్దు. ఈ నెలలో నీకు ఏది కష్టంగా ఉందమ్మా అని అడగండి.

పాతగుంటూరు ఆడపడుచు
2024 డిసెంబరు 10

అందరికీ కృతజ్ఞతలు. తెల్లచీర గారు చెప్పిన విధంగానే నిన్న రాత్రి అమ్మను అడిగాను. నేను ఊహించిన వాటిలో ఒక్కటీ ఆవిడ చెప్పలేదు.

ఆవిడకు భయంగా ఉన్నది పండుగనాటి ఆరాధన ముగిసిన తర్వాతి పావుగంట. అందరూ మందిరం మెట్ల దగ్గర నిలబడి చేతులు కలిపి హ్యాపీ క్రిస్మస్ అంటారు. ఈసారి ప్రతి ఒక్కరూ నవ్వుతూ ఆవిడ దగ్గరకు వచ్చి, సగం మాటలో నాన్నగారు గుర్తుకు వచ్చి ముఖం మార్చుకుంటారు. అలా ముఖం మార్చుకున్న ప్రతివారినీ తానే సముదాయించవలసి వస్తుందని, అంతమందిని సముదాయించే ఓపిక తనకు లేదని అంది. అందువల్ల జనం ఎక్కువగా వచ్చే పది గంటల ఆరాధనకు కాకుండా తెల్లవారుజామున నాలుగు గంటల ఆరాధనకు వెళతానంది. రెండోది, మందిరంలో మగవారి వైపు మూడో వరసలో నాన్నగారి చోటు. కీర్తన సంఖ్య చెప్పగానే ఆయన కళ్లజోడు తెచ్చుకున్నారో లేదో చూడటానికి అటు తల తిప్పడం అలవాటైపోయిందట. ఆ చోట ఈ ఏడాది ఎవరైనా కూర్చుంటే బాగుండునని, ఖాళీగా ఉంచవద్దని మా అబ్బాయికి చెప్పింది. వాడు ఇంతవరకు నా పక్కన ఆడవారి వైపే కూర్చునేవాడు.

నక్షత్రం మాట నేనే ఎత్తాను. కట్టమంది. అందుకు ఆవిడ చెప్పిన కారణం మా మేనత్తగారి వాదనలోనూ లేదు, సంఘపెద్దగారి వాదనలోనూ లేదు. మా సందు చీకటిగా ఉంటుంది, వీధి దీపం ఎప్పుడు వెలుగుతుందో తెలియదు, అర్ధరాత్రి దాటాక వచ్చే పాటల పిల్లలు దాన్ని చూసే మలుపు తిరుగుతారు. పోయిన ఏడాది నాన్నగారు చేసిన చట్రం అటక మీద ఉంది, కాగితం మారిస్తే సరిపోతుంది. కొత్త చీర మాత్రం వద్దంది. ఎవరో వద్దన్నందుకు కాదు, షాపుకు వెళ్లాలని లేదంది. ఆ తర్వాత మేనత్తగారికి ఆవిడే ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. ఏమి మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు గాని, అత్త 24న వస్తోంది.

వాడరేవు గాలి
2024 డిసెంబరు 12

మాది సముద్రం ఒడ్డు. ఈ నెల 26కు సునామీ వచ్చి ఇరవై ఏళ్లవుతుంది. 2004లో ఆ రోజు ఆదివారం. క్రిస్మస్ బట్టలతోనే ఉదయం ఆరాధనకు సిద్ధమవుతున్న వేళ నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఆ రోజు పౌర్ణమి కావడం వల్ల మంగినపూడి వంటి చోట్ల సముద్ర స్నానానికి వచ్చిన హిందూ సోదరులు కూడా ప్రాణాలు కోల్పోయారు.

మా పేటలో అప్పటినుంచి 25వ తేదీన పండుగ, 26 ఉదయం ఒడ్డున ప్రార్థన. మొదటి ఏళ్లలో 25న కూడా ఎవరూ మైకు పెట్టేవారు కాదు. తర్వాత పుట్టిన పిల్లలు పెద్దవారై వారికి పండుగ కావలసి వచ్చింది, పెద్దలు ఒప్పుకున్నారు. ఆ రెండు రోజుల్లో ఒకదాన్ని తీసివేయాలని ఇప్పుడు మాలో ఎవరికీ లేదు. మీ అమ్మగారు చెప్పిన నాలుగు గంటల ఆరాధన ఆలోచన నాకు చాలా సరైనదిగా తోచింది. మా వాళ్లు కూడా కొందరు అలాగే చేసేవారు.

టెక్సాస్ తెలుగు
2024 డిసెంబరు 14

నేను మీ తమ్ముడిని ఎరుగను. ఆయన ఉన్న ఊళ్లోనే ఉంటాను కాబట్టి ఆయన పక్షాన ఒక మాట చెప్పవచ్చుననుకుంటాను. మీ ఇష్టమని అన్నవాడికి ఏ ఇష్టమూ లేదని అనుకోవద్దు. ఇక్కడ మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి భవనంలో వారి ఆరాధన అయిపోయిన తర్వాత మధ్యాహ్నం కూడుకుంటుంది. తండ్రి పోయిన సంగతి తెలిసినవారు ఒకసారి వచ్చి ప్రార్థన చేసి వెళతారు. సోమవారం నుంచి ఆఫీసులో ఆ విషయం ఎవరికీ గుర్తుండదు. ఇంటి దగ్గర మీరందరూ కలిసి వాదించుకుంటున్న సంగతి కూడా ఆయనకు ఫోనులో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది.

ఇక్కడి కొన్ని చర్చిల్లో డిసెంబరు 21 ప్రాంతంలో, సంవత్సరంలో అతి పొడవైన రాత్రినాడు, ఆ ఏడాది ఆత్మీయులను కోల్పోయినవారి కోసం ఒక ఆరాధన జరుపుతారు. పాటలు తక్కువ, ప్రసంగం చిన్నది, ఎక్కువ సేపు మౌనం. ఎవరైనా మధ్యలో లేచి బయటకు వెళ్లినా తప్పు పట్టరు. మన సంఘాల్లోనూ ఇలాంటిది ఒకటి ఉండవచ్చు. అయితే మనవాళ్లకు మౌనం అంత తేలికగా పట్టదు. ఎవరో ఒకరు లేచి పాట ఎత్తుకుంటారు.

అన్నట్లు, మీకు 25 తెల్లవారుజామున నాలుగు గంటలయినప్పుడు ఇక్కడ 24 సాయంత్రం నాలుగున్నర. ఆయన పని నుంచి కాస్త ముందుగా బయటపడితే ఫోనులో మీ అమ్మగారితోపాటు ఆరాధన వినగలుగుతాడు. ఆయనను అడగండి, మీ ఇష్టమని ఈసారి అనడు.

పాతగుంటూరు ఆడపడుచు
2024 డిసెంబరు 16

తమ్ముడితో మాట్లాడాను. సగం పూట సెలవు పెట్టాడు.

యువజన సంఘానికి జవాబు చెప్పాం: రండి, రెండు పాటలు పాడండి, మైకు, డ్రమ్ము వద్దు, టీ తాగకుండా వెళ్లవద్దు. పక్కింటివారు చక్కిలాలు, గులాబీ పువ్వులు తామే చేసి పంపుతామని నేను అడగకముందే చెప్పారు. బ్రాడీపేట వారి మాట నిజమైంది. ఇక ఒక విషయం మిగిలింది. ప్రతి ఏడాదీ మా ఇంట్లో కొత్త బట్టలకు నాన్నగారు తీసిపెట్టే డబ్బుతో ఈసారి సంఘంలోని వితంతువులకు చీరలు ఇవ్వాలని అమ్మ అనుకుంటోంది. సంఘపెద్దగారు సంతోషించి, క్రిస్మస్ ఆరాధనలో నాన్నగారి జ్ఞాపకార్థమని ప్రకటన చేసి, ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి ఇద్దామంటున్నారు.

గుండ్లకమ్మ
2024 డిసెంబరు 16

ప్రకటన వద్దే వద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పాడు. ఈ విషయంలో నేను మీ మేనత్తగారి కంటె మొండివాణ్ని.

పల్లె పాస్టరు
2024 డిసెంబరు 17

గుండ్లకమ్మ గారితో సగమే ఏకీభవిస్తాను. మన సంఘాల్లో జ్ఞాపకార్థ కానుకల జాబితా చదివేది దాత గొప్ప కోసమే కాదు. పోయినవారి పేరు మందిరంలో మరొకసారి వినబడాలని కుటుంబాలు కోరుకుంటాయి. కాబట్టి నాన్నగారి పేరు ప్రార్థనలో చదివించండి. చీరలు తీసుకునేవారి పేర్లు మాత్రం చదవవద్దు, వారిని ముందుకు పిలవవద్దు. మీ సంఘపెద్దగారికి ఈ రెండింటినీ విడదీసి చెప్పండి, ఒప్పుకుంటారు.

తెల్లచీర
2024 డిసెంబరు 17

వరసలో నిలబడి చీర తీసుకున్నదాన్ని కాబట్టి పాస్టరుగారి మాటను బలపరుస్తున్నాను. మరొక్క సంగతి. వితంతువులకు కదా అని అన్నీ తెలుపు, బూడిద రంగులే కట్ట కట్టి తేవద్దు. మీకు దగ్గరే మంగళగిరి. నలుగురైదుగురిని వెంటబెట్టుకుని వెళ్లి, ఎవరికి ఏ రంగు కావాలో వారినే తీసుకోనివ్వండి. మీ అమ్మగారికి షాపుకు వెళ్లాలని లేదన్నారు, ఇతరుల కోసం అయితే రావచ్చునేమో అడిగి చూడండి. రాకపోయినా ఫరవాలేదు. వెళ్లేది ఏదో రేపే వెళ్లండి. ఇరవై దాటిన తర్వాత ఏ దర్జీ కూడా జాకెట్టు గుడ్డ తీసుకోడు.